అసలు తగ్గినా మిత్తి తగ్గదా?

లెక్కలు అనగానే మనలో చాలామందికి బడి, బెత్తం, బోర్డు మీద ఎక్స్, వై గుర్తొస్తాయి. కానీ మన మాటల్లోనే లెక్క ఎన్ని చోట్ల దాక్కుని ఉందో చూడండి. మర్యాద తెలియనివాణ్ని "ఎవర్నీ లెక్కచెయ్యడు" అంటాం. దుబారా మనిషిని "లెక్కాపత్రం లేదు" అంటాం. పని సరిగ్గా కుదిరితే "అదీ లెక్క" అంటాం. తెలుగులో 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని పద్యాల్లో రాశాడు. మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథాన్ని మన భాషలోకి తెచ్చాడు. అంటే లెక్క మనకు పరాయిది కాదు. వెయ్యేళ్లుగా మన నోట్లో నానుతున్నదే.

నేను డిగ్రీ లెక్కలతోనే చదివాను. పెళ్లయి మర్కూక్ వచ్చాను. ఉద్యోగం చేయలేదు. "చదివిన లెక్కలన్నీ పొయ్యిల పెట్టినవ్" అని చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. అదీ ఈమధ్య అడిగింది, "ఈ లెక్కలు నీకేం పనికొచ్చాయమ్మా?" అని. దానికి చెప్పిన జవాబే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను. నిజానికి చుట్టాలన్నది సగం నిజం. నా లెక్కలు పొయ్యి దగ్గరే ఉన్నాయి. కాలిపోలేదు, అంతే.

మొదట పొయ్యి సంగతే చెబుతాను.

నాకు రెండు మంటల స్టవ్ ఉంది. ఒకదాని మీద పొద్దున అన్నం, పాలు, నీళ్లు ఒకటి తర్వాత ఒకటి నడుస్తూనే ఉంటాయి. కూరలకు మిగిలేది రెండో మంట ఒక్కటే. ఒక రోజు పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు చేయాలనుకోండి. పప్పు కడిగి కుక్కర్‌లో పెట్టడానికి 3 నిమిషాలు, ఉడకడానికి 20. వంకాయలు, ఉల్లిగడ్డలు తరగడానికి 10, మగ్గడానికి 15. పచ్చిపులుసుకు చింతపండు పిసికి, ఉల్లిగడ్డ సన్నగా కోయడానికి 8, పోపుకు 4. చేసే పనులు అవే, చేసే చేతులు అవే. మరి ఏది ముందు పెడితే తొందరగా అవుతుంది?

పచ్చిపులుసుతో మొదలుపెట్టి, తర్వాత వంకాయ, చివర పప్పు చేస్తే మొత్తం 53 నిమిషాలు పడుతుంది. మొదటి 8 నిమిషాలు స్టవ్ ఊరికే ఉంటుంది, మధ్యలో ఇంకో 6 నిమిషాలు ఖాళీ. చివర కుక్కర్ కూతల కోసం నేను నిలబడి ఎదురుచూడాలి. అదే పప్పు ముందు, వంకాయ మధ్యలో, పచ్చిపులుసు చివర చేస్తే 42 నిమిషాల్లో అంతా అయిపోతుంది. పప్పు ఉడుకుతుంటే మిగతా రెండింటి తరుగుడు పూర్తవుతుంది. పదకొండు నిమిషాలు మిగిలాయి. గ్యాస్ ఎక్కువ పెట్టలేదు, పరుగెత్తలేదు. వరుస మార్చానంతే.

దీనికో సూత్రం ఉంది. 1954లో జాన్సన్ అనే గణితవేత్త కార్ఖానాల కోసం చెప్పాడు. ప్రతి పనికీ రెండు దశలు ఉన్నప్పుడు అన్నిట్లోకీ చిన్న అంకె ఎక్కడుందో చూడాలి. అది మొదటి దశలో ఉంటే ఆ పనిని ముందుకు, రెండో దశలో ఉంటే చివరికి జరపాలి. మిగిలినవాటికీ మళ్లీ అదే పద్ధతి. మన వంటింట్లో తరగడం మొదటి దశ, ఉడకడం రెండోది. పప్పు కడగడం 3, అన్నిట్లోకీ చిన్నది, మొదటి దశ, కాబట్టి ముందు పప్పు. పోపు 4, రెండో దశ, కాబట్టి చివర పచ్చిపులుసు. మా అత్తమ్మ ఈ జాన్సన్ పేరు వినలేదు. అయినా ఆమె పొద్దున లేవగానే మొదట చేసే పని పప్పు ఎసట్లో వేయడమే.

అత్తమ్మ దగ్గర నేను నేర్చుకున్న ఇంకో లెక్క కొలతలది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. గమనించారా, అన్నీ రెట్టింపులే. సగం చేయడం, రెండింతలు చేయడం వస్తే చాలు, తూకం లేకుండా ఊరంతటికీ బియ్యం కొలవొచ్చు. ఇప్పటి కంప్యూటర్లు కూడా రెండు రెండ్ల లెక్క మీదే నడుస్తాయని మా అమ్మాయికి చెప్తే, "అయితే నాయనమ్మ కంప్యూటరేనన్నమాట" అంది. అత్తమ్మ ఆ రోజంతా మురిసిపోయింది.

కిరాణం కొట్లో ఉపయోగపడే లెక్క ఇంకా చిన్నది. నూనె ప్యాకెట్లు చూడటానికి అన్నీ ఒకే సైజు. లీటర్ నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కనున్న ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో 850 గ్రాములని ఉంటుంది. మొదటిది 150 రూపాయలు, రెండోది 144 అనుకుందాం. ఆరు రూపాయలు తక్కువని చెయ్యి రెండోదాని మీదికే పోతుంది. వంద గ్రాములకు ఎంత పడిందో చూస్తే మొదటిది 16 రూపాయల 48 పైసలు, రెండోది 16 రూపాయల 94 పైసలు. తక్కువ ధరదే ఎక్కువ ఖరీదు! ప్యాకెట్ ధర కాదు, వంద గ్రాముల ధర చూడాలి. సబ్బులకైనా, టీపొడికైనా ఇదే మాట.

ఇక పెద్ద అంకెల సంగతి. మర్కూక్ అంటే ఇప్పుడు బయటివాళ్లకు కొండపోచమ్మ సాగరే. 2020 మే 29న మొదలైంది. గోదావరి నీళ్లు సముద్రమట్టానికి 618 మీటర్ల ఎత్తుకు ఎక్కాయని అప్పుడు అందరూ చెప్పుకున్నారు. దాని కెపాసిటీ 15 టీఎంసీలు. ఆ మాట మా పిల్లలకు నోటికి వచ్చు. కానీ టీఎంసీ అంటే ఎంత? ఒక సెలవు రోజు కూర్చుని లెక్కేశాం. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగులో 28.3 లీటర్లు. అంటే ఒక టీఎంసీ 2,830 కోట్ల లీటర్లు. అయినా ఏమీ బుర్రకెక్కలేదు. అప్పుడు మా ఇంటి నల్లాతో కొలిచాం. మన గజ్వేల్ పక్కన కోమటిబండలో 2016 ఆగస్టు 7న మొదలైన మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క పెట్టుకున్నారు. ఐదుగురున్న ఇంటికి 500 లీటర్లు, ఏడాదికి 1,82,500. దాంతో భాగిస్తే ఒక్క టీఎంసీ లక్షన్నర ఇళ్లకు ఏడాది పొడవునా సరిపోతుంది. పదిహేను టీఎంసీలు దాదాపు 23 లక్షల ఇళ్లకు. ఆవిరయ్యేది, పొలాలకు పోయేది పక్కన పెట్టి వేసిన లెక్కే అయినా అప్పుడు పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. ఆ నీళ్ల కింద బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి ఊళ్లు కూడా ఉన్నాయని చెప్పాను. ఆ ఇళ్లను, ఆ చెట్లను కొలిచే లీటరు ఏదీ లేదు. అది కూడా పిల్లలకు తెలియాలి.

పెద్ద అంకెను మన బిందెతో కొలిస్తేనే మనకు అర్థమవుతుంది. అయితే పెద్ద అంకెను చిన్న ముక్కలు చేసి చూపించి మనల్ని మభ్యపెట్టొచ్చు కూడా. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మా యారాలు, అంటే మా బావగారి భార్య, ఏడో తరగతి దాకా చదివింది. వాళ్ల పెద్దమ్మాయికి నర్సింగ్‌లో సీటొచ్చింది. ఫీజుకు, హాస్టల్‌కు, పుస్తకాలకు కలిపి లక్ష రూపాయలు కావాలి. పట్నం నుంచి వచ్చిన ఒక ఫైనాన్స్ మనిషి ఇంటికొచ్చి కాగితం చూపించాడు. లక్ష అప్పు, రెండేళ్లు, 24 కిస్తీలు, నెలకు 5,167 రూపాయలు. ఏడాదికి 12 శాతమే మిత్తి అన్నాడు. యారాలు సంబరంగా నా దగ్గరికొచ్చింది.

"చెల్లె, నూటికి రూపాయే మిత్తట. మన సంఘంల గూడ గంతే గదా. గీడ సంతకం పెడితే రెండు రోజులల్ల పైసలొస్తయి. పుస్తెలతాడు కుదువ పెట్టే పని గూడ లేదు."

కాగితం చూశాను. లక్షకు ఏడాదికి 12 వేలు, రెండేళ్లకు 24 వేలు, మొత్తం లక్షా ఇరవై నాలుగు వేలు, దాన్ని 24తో భాగిస్తే 5,167. కూడికలు, భాగహారాలు అన్నీ కరెక్టే. ఎక్కడా అబద్ధం లేదు. నేను ఏమీ చెప్పకుండా ఒక తెల్ల కాగితం తీసుకుని ఒక్కో కిస్తీని రెండు ముక్కలు చేసి రాశాను. అసలు 4,167, మిత్తి 1,000.

"అక్కా, మొదటి నెల నీ మీద బాకీ ఎంత?"

"లక్ష."

"దానికి వెయ్యి మిత్తి. నూటికి రూపాయే. మరి ఏడాది అయినంక అసలెంత మిగుల్తది?"

మా యారాలు కాగితం వైపు చూడలేదు. కూలీల లెక్కలు, గుంటల లెక్కలు నోటితోనే వేసే మనిషి. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు అని నిద్రలో లేపినా చెబుతుంది. "సగం కట్టినట్టేనాయె. యాభై వేలు," అంది.

"అప్పుడు మిత్తి?"

"గదే... వెయ్యి." ఒక్క క్షణం ఆగింది. "అంటే నూటికి రెండు. ఆఖరి నెల నా మీద ఉండేది నాలుగు వేలే గదా? దానికి గూడ వెయ్యేనా? అసలు తగ్గినా మిత్తి తగ్గదా?"

ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది మొత్తం. బ్యాంకుల భాషలో దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా మిత్తి కడుతూనే ఉంటాం. చివరి నెల 4,167 రూపాయల బాకీకి వెయ్యి మిత్తి అంటే ఆ ఒక్క నెలకే 24 శాతం. రెండేళ్లలో సగటున మన చేతిలో ఉండేది సుమారు 52 వేలే. దానికి నెలకు వెయ్యి అంటే నూటికి దాదాపు రెండు రూపాయలు. సరిగ్గా లెక్క కడితే ఈ అప్పు తగ్గే బాకీ మీద ఏడాదికి 21.6 శాతంతో సమానం. కాగితం వెనక వైపు ఇంకోటి ఉంది. పత్రాల ఖర్చు కింద 2,000 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 98 వేలు, కట్టేది మాత్రం లక్ష మీద. అప్పుడది 23 శాతం దాటుతుంది.

తగ్గే బాకీ మీద నిజంగా నూటికి రూపాయే అయితే కిస్తీ 4,707 పడుతుంది, రెండేళ్లకు మిత్తి మొత్తం దాదాపు 13 వేలు. ఇక్కడ 24 వేలు. తేడా 11 వేలు. పైన కోసుకున్న 2,000 వేరే. వాళ్లమ్మాయికి అది కొన్ని నెలల హాస్టల్ ఖర్చు.

నేను వద్దని చెప్పలేదు. అవసరం ఆమెది, పైసలు ఆమెవి. ఇద్దరం కూర్చుని ఇంకో ప్రశ్న వేసుకున్నాం. లక్ష మొత్తం ఇప్పుడే కావాలా? కాలేజీ రసీదు తీసి చూస్తే ఇప్పుడు కట్టాల్సింది 60 వేలు, మిగతాది సంక్రాంతి తర్వాత. ఆలోపు పత్తి పైసలు వస్తాయి. సంఘంలో 60 వేలకు అడిగింది. వాళ్లు చెప్పింది నూటికి రూపాయి, అదీ తగ్గే బాకీ మీద. పైసలు చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. కాలేజీలో మాట్లాడి అంతవరకు గడువు తెచ్చుకుంది. అమ్మాయి కాలేజీలో చేరింది. పుస్తెలతాడు మెడలోనే ఉంది. ఫైనాన్స్ మనిషి మళ్లీ వస్తే మా యారాలు అతన్ని అడిగిన ప్రశ్న మీకు తెలుసు. దానికి అతను నవ్వి, "మీరు బాగా హుషారున్నరమ్మా" అని వెళ్లిపోయాడట.

మన సంఘాల కథ చిన్నది కాదు. 1990ల్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, పొదుపు లక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ రూపాయిని లెక్క రాసుకోవడం నుంచే ఇంత దూరం వచ్చాం. ఇప్పుడు చట్టం కూడా కొంత తోడుంది. 2024 అక్టోబర్ 1 తర్వాత బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా మామూలు మనుషులకు కొత్తగా అప్పు ఇచ్చేటప్పుడు ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక శాతం రేటు ఉంటుంది. ఇంగ్లీషులో ఏపీఆర్ అంటారు. ఫ్లాటా, తగ్గేదా అని బుర్ర బద్దలు కొట్టుకోకుండా ఆ ఒక్క అంకె చూసి రెండు అప్పులను పోల్చుకోవచ్చు. సంతకానికి ముందు "ఆ పత్రం ఇయ్యండి" అని అడగడం మన హక్కు.

చేబదుళ్ల దగ్గర ఇంకో చిన్న కిటుకు. 72ను మిత్తితో భాగించండి. నూటికి నెలకు రెండు రూపాయలైతే 72ను 2తో భాగిస్తే 36. మిత్తి కట్టకుండా వదిలేస్తే, మిత్తికి మిత్తి కలుస్తూ 36 నెలల్లో అప్పు రెట్టింపవుతుంది. మూడు రూపాయలైతే 24 నెలలే. ఈ కిటుకు పొదుపుకూ పనిచేస్తుంది. ఏడాదికి 6 శాతం వచ్చే చోట దాచుకుంటే రెట్టింపు కావడానికి 12 ఏళ్లు. అప్పు మూడేళ్లలో పెరిగేంత పెరగడానికి పొదుపుకు పన్నెండేళ్లు పడుతుందన్నమాట. చేతిలో నాలుగు పైసలుంటే ముందు ఎక్కువ మిత్తి బాకీ తీర్చమని పెద్దవాళ్లు అందుకే అంటారు.

జార్జ్ పోల్యా అని హంగరీలో పుట్టిన గణిత పండితుడు 1945లో ఒక పుస్తకం రాశాడు. లెక్క ఎలా చేయాలో నాలుగు మెట్లుగా చెప్పాడు. అడిగిందేమిటో అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, అది అమలు చెయ్, అయ్యాక వెనక్కి తిరిగి చూడు. మా యారాలు చేసింది అచ్చం ఇదే. నిజంగా కావాల్సింది లక్షా, అరవై వేలా? అది మొదటి మెట్టు. చాలా ఇళ్లలో తొందరలో దాటేసేది ఆ మెట్టే.

చివరగా పొద్దుటి పదకొండు నిమిషాల గురించి. అవి ఎవరివి?

కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ చేశారు. ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం ఇందులో కలపలేదు, అది వేరే. ఇప్పుడు తీసివేత చేయండి. 2019లో తేడా 202 నిమిషాలు. 2024లో 201. మిక్సీలు, కుక్కర్లు, వాషింగ్ మిషన్లు, ఇంటికి నల్లాలు ఇన్ని వచ్చినా ఐదేళ్లలో తేడా తగ్గింది ఒక్క నిమిషం.

ఈ లెక్క చూశాక నాకొకటి అర్థమైంది. నేను ఎంత ఉపాయంగా వంట చేసినా, మిగిలిన సమయంలోకి ఇంకో పని వచ్చి కూర్చుంటే నాకు మిగిలింది ఏమీ లేదు. అసలు తీరుస్తున్నా మిత్తి తగ్గని అప్పు లాంటిదే అదీ. అందుకే మా ఇంట్లో ఇంకో కాగితం రాశాం. ఒక వరుసలో నేనే చేయాల్సిన పనులు, రెండో వరుసలో ఎవరైనా చేయగలిగిన పనులు. మొదటి వరుసలో నాలుగే తేలాయి. రెండోదాంట్లో పదమూడు. నీళ్ల సీసాలు నింపడం, పక్కలు ఎత్తడం, బట్టలు ఆరేయడం, మడతపెట్టడం, బల్ల తుడవడం. మా ఆయన వంటిమామిడి మార్కెట్‌కు కూరగాయలు తీసుకెళ్లే రోజుల్లో తెల్లారకముందే వెళ్తారు కాబట్టి ఆ రోజులు వదిలేసి, మిగతా రోజులకు ఐదు పనులు తనే గీత గీసుకున్నారు. పిల్లలిద్దరూ చెరి మూడు. మిగిలిన రెండు నావి. అత్తమ్మ కాగితం చూసి, "గివన్నీ పనులేనా?" అంది. "కాగితం మీద రాస్తే తెలుస్తున్నయి అత్తమ్మా," అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బల్ల మీదున్న బట్ట తీసి మనవడి చేతికిచ్చింది.

మీరూ ఈ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం తీసుకోండి. ఇంటి అప్పులు రాసి, ఒక్కోదానికి ఎదురుగా ఈ నెల నిజంగా మిగిలిన బాకీ ఎంత, కట్టిన మిత్తి ఎంత అని రాయండి. వెనక వైపు ఇంటి పనులు రాసి, ఎదురుగా చేసేవాళ్ల పేరు రాయండి. రెండు వైపులా కూడిక వేయండి. ఏ వైపు అంకె మిమ్మల్ని ఎక్కువ ఉలిక్కిపడేలా చేస్తుందో, రేపు పొద్దున అక్కడినుంచే మొదలుపెట్టండి.